నెయ్యి, తేనె: ఆయుర్వేద నిత్యాహారంలో వాడకం, సిప్పీఘాట్ తడి నేలలో జాగ్రత్తలు

నెయ్యి, తేనె రెండూ రోజూ తినదగినవని ఆయుర్వేదం చెబుతుంది. వాగ్భటుడి అష్టాంగహృదయం సూత్రస్థానంలో నిత్యం తీసుకోదగిన ఆహారాల జాబితా ఒకటుంది. శాలి బియ్యం, గోధుమలు, పెసలు, దానిమ్మ, ద్రాక్ష, సైంధవ లవణం, పాలు, వాన నీరు అందులో ఉన్నాయి. వాటి పక్కనే నెయ్యి, తేనె కూడా ఉన్నాయి. అదే గ్రంథమూ, అంతకు ముందటి చరక, సుశ్రుత సంహితలూ ఈ రెంటి వాడకానికి హద్దులు కూడా గట్టిగానే గీశాయి. ఆ హద్దుల్లో తెలుగు ఇళ్లలో అందరి నోటా వినిపించేది ఒక్కటే: రెండూ సమపాళ్లలో కలిపితే విషమవుతుందని. నేలను బట్టి, ఋతువును బట్టి, వేడిని బట్టి పెట్టిన నియమాలు అంతగా ప్రచారంలోకి రాలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు వాన కురిసే అండమాన్‌లో, అందులోనూ సముద్రపు నీరు పొలాల్లోకి వచ్చి నిలిచిపోయిన సిప్పీఘాట్ వంటి చోట, పాళ్ల లెక్క కంటే ఈ మరుగునపడ్డ నియమాలే రోజువారీ జీవితానికి దగ్గరగా ఉంటాయి.

స్థలం, జనం

సిప్పీఘాట్ దక్షిణ అండమాన్‌లో, 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ వెళ్లే దారిలో ఉంది. 1978లో ఏర్పడిన కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థకు ఇక్కడ క్షేత్రం ఉంది. కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ నెలకొల్పిన ప్రపంచ కొబ్బరి జన్యు వనరుల కేంద్రమూ ఇక్కడిదే. పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన కొబ్బరి రకాలను అందులో పెంచుతున్నారు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పల్లపు పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి చేరింది, మళ్లీ వెనక్కి పోలేదు. వరి పండిన చోట ఇప్పుడు నీటి పక్షులు మేత వెతుక్కుంటున్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో వంద మందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాల వారు. పప్పన్నంలో నెయ్యి వేసుకునే అలవాటు వాళ్లతోపాటే సముద్రం దాటింది. నెయ్యి కాచేంత వెన్న పోగుపడే పాడి మాత్రం ఇక్కడ తక్కువ. నెయ్యి ఎక్కువగా చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల నుంచి ఓడల మీద డబ్బాల్లోనో ప్యాకెట్లలోనో వస్తుంది. అందువల్ల ఇక్కడి వంటింటికి చేరే నెయ్యి వయసు, అది దారిలో చూసిన ఎండ, తేమ, కొనేవాళ్లకు తెలియవు. మొదటి జాగ్రత్త ఇక్కడే మొదలవుతుంది. డబ్బా మీద తయారీ తేదీ చూసి, నెలకు సరిపడా చిన్న డబ్బా కొనుక్కోవడం పెద్ద డబ్బా చవకని తెచ్చి పెట్టుకోవడం కంటే మేలు.

తడి నేలకు వేరే లెక్క

ఆయుర్వేదం నేలను మూడు రకాలుగా చూస్తుంది. నీళ్లు తక్కువగా, గాలి పొడిగా ఉండేది జాంగలం. చెరువులు, మడుగులు, దట్టమైన చెట్లు, తడిగాలి ఉండేది ఆనూపం. రెంటి లక్షణాలూ కలిసింది సాధారణం. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, ఏడాదిలో చాలా రోజులు 80 శాతం దగ్గర తేమ, మడ అడవులు, ఉప్పు మడుగులు ఉన్న సిప్పీఘాట్ అచ్చమైన ఆనూప దేశం.

చరకుడు సూత్రస్థానం ఇరవయ్యారో అధ్యాయంలో విరుద్ధాహారాన్ని, అంటే ఒంటికి సరిపడని ఆహారాన్ని, పద్దెనిమిది రకాలుగా విడదీశాడు. సమపాళ్ల తేనె, నెయ్యి అందులో మాత్రా విరుద్ధానికి, అంటే కొలతలో వచ్చే విరోధానికి, ఇచ్చిన ఉదాహరణ. ఆ జాబితాలో అన్నిటికంటే ముందు నిలిచేది దేశ విరుద్ధం. పొడి నేలలో రూక్షమైనవీ (ఒంటిని పొడిబార్చేవీ) తీక్ష్ణమైనవీ, ఆనూప దేశంలో జిడ్డుగా చల్లగా ఉండేవీ ఎక్కువగా వాడటం ఈ దోషం కిందికి వస్తుంది. రాయలసీమలో ఎండకు ఎండిన ఒంటికి పెద్దలు ధారాళంగా పోసిన నెయ్యి, మడుగు ఒడ్డున తేమలో బతికే మనిషికి అదే కొలతలో పనికిరాదన్న మాట. తడిగాలిలో కఫం పెరుగుతుందనీ, జఠరాగ్ని మందగిస్తుందనీ ఈ శాస్త్రం అభిప్రాయం. అందువల్ల ఇక్కడ నెయ్యిని మానమని కాదు, తగ్గించి, వేడివేడి అన్నంతో, మిరియాలో శొంఠో తోడుగా తీసుకోమని వైద్యుల సలహా. చల్లారిన అన్నంలో పేరిన నెయ్యి వేసుకోవడం ఈ నేలకు సరిపడదు.

తేనె సంగతి దీనికి ఎదురుగా ఉంటుంది. తేనె రూక్షం, కఫాన్ని తగ్గించేది. వర్ష ఋతుచర్యలో చరకుడు అన్నపానాల్లో కొద్దిగా తేనె చేర్చుకోమన్నాడు. శాస్త్రం ప్రకారం వర్ష ఋతువు రెండు నెలలు. దేశంలోకి నైరుతి ఋతుపవనం మొట్టమొదట అడుగుపెట్టేది అండమాన్‌లోనే, అదీ మే నెలలోనే. ఆ తర్వాత ఈశాన్య ఋతుపవనం డిసెంబరు దాకా తడుపుతూనే ఉంటుంది. పంచాంగంలోని రెండు నెలలు ఇక్కడి ఆకాశంలో ఏడెనిమిది నెలలు. ఋతుచర్యను నెలల పేర్లతో కాక కురిసే వానతో కొలిచే వైద్యుడు సిప్పీఘాట్‌లో తేనెకు ఎక్కువ నెలలు, నెయ్యికి తక్కువ చెంచాలు కేటాయిస్తాడు.

వాన నీటి విషయంలో ఒక చిక్కుంది. నేల తాకకముందే పట్టిన శుభ్రమైన వాన నీరు వాగ్భటుడి నిత్యాహార జాబితాలో ఉంది. తేనె, నెయ్యి హెచ్చుతగ్గుల పాళ్లలో కలిపి తిన్నా సరే, వెంటనే వాన నీరు తాగితే అది విరుద్ధమని కూడా ఆయనే అన్నాడు. తేనె, వాన నీరు సమపాళ్లలో కలపడాన్ని చరకుడు తప్పుపట్టాడు. ఇంటి కప్పు మీద పడ్డ వానను తొట్టెల్లో పట్టుకునే దీవి జనానికి ఈ నియమం మాటవరసకు చెప్పింది కాదు. నగరానికి నీళ్లిచ్చే ధనీఖాడీ జలాశయం నీరు నేల మీద పారి నిలిచిన నీరు కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు. తొట్టె నీళ్లు వాడేవాళ్లు కాచి చల్లార్చి తాగితే ఆరోగ్యానికి మేలు.

సమపాళ్లు: ఎంత భయపడాలి?

సమానం అంటే చెంచాల్లో సమానమా, తూకంలో సమానమా అన్నది ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. తేనె నీటికంటే బరువు, మిల్లీలీటరు దాదాపు 1.4 గ్రాములు తూగుతుంది. నెయ్యి నీటికంటే తేలిక, మిల్లీలీటరు 0.9 గ్రాములు. అయిదు మిల్లీలీటర్ల టీ స్పూన్‌తో ఒక చెంచా తేనె, ఒక చెంచా నెయ్యి తీస్తే 7 గ్రాముల తేనె, 4.5 గ్రాముల నెయ్యి వస్తాయి. చెంచాలు సమానమైనా తూకం సమానం కాదు. మూడు చెంచాల నెయ్యికి రెండు చెంచాల తేనె కలిపినప్పుడే రెండూ ఇంచుమించు ఒకే బరువుకు వస్తాయి. సమపాళ్లంటే తూకమే అని ఎక్కువమంది వైద్యులు తీసుకుంటారు. సందేహం లేకుండా ఉండాలంటే ఒకటి రెండింతలు, మూడింతలు ఉండేలా స్పష్టమైన తేడా పెట్టుకోవడమే సులువు: నెయ్యి పావు చెంచా, తేనె చెంచా, లేదా తేనె అర చెంచా, నెయ్యి రెండు చెంచాలు.

శాస్త్రకారుల పద్ధతి చూస్తే ఈ రెంటినీ కలపడానికి వాళ్లు జంకలేదని తెలుస్తుంది. చరకుడి చ్యవనప్రాశంలో నెయ్యి, నూనె కలిపి పన్నెండు పలాలు, తేనె ఆరు పలాలు. కంటి బలానికి రాత్రిపూట త్రిఫల చూర్ణాన్ని తేనె, నెయ్యితో తీసుకోమని వాగ్భటుడి సలహా. పూజలో పంచామృతానికి పాలు, పెరుగు ఎక్కువగా, నెయ్యి ఉద్ధరిణెడు, తేనె మరో రెండు ఉద్ధరిణెలు పోయడం ఇళ్లలో అలవాటు. ఆ అలవాటులోనే పాళ్లు వేరుపడిపోతాయి.

ఆధునిక ప్రయోగాలు ఈ నియమాన్ని పూర్తిగా నిలబెట్టలేదు, పూర్తిగా కొట్టివేయనూ లేదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో టాక్సికాలజీ రిపోర్ట్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. సమపాళ్ల మిశ్రమాన్ని 60 రోజులు తిన్న ఎలుకల్లో బరువు తగ్గడం, వెంట్రుకలు రాలడం, చెవుల మీద ఎర్రటి మచ్చలు కనిపించాయని అందులో రాశారు. తేనె ఒక్కటే, నెయ్యి ఒక్కటే తిన్న గుంపులతో పోల్చి చూశారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసేయలేం. అయితే ఎలుకలకు ఇచ్చిన మోతాదు వాటి శరీరం బరువుతో చూస్తే చాలా ఎక్కువ, గుంపులు చిన్నవి, మనుషుల మీద ఇలాంటి పరీక్ష జరగలేదు. పొరపాటున ఒకరోజు పాళ్లు కలిసిపోయాయని ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని లేదు. చరకుడే దీనికి ఊరట చెప్పాడు. అలవాటు పడినవారికి, కొద్ది మోతాదులో తిన్నవారికి, జీర్ణశక్తి బాగున్నవారికి, వయసులో ఉన్నవారికి, వ్యాయామం చేసేవారికి విరుద్ధాహారం అంతగా హాని చేయదన్నాడు. రోజూ, నెలల తరబడి, పెద్ద మోతాదులో తినడం మాత్రం మానుకోవలసిందే.

వేడి తగిలిన తేనె

వేడి చేసిన తేనె, వేడి పదార్థంతో కలిపిన తేనె, ఎండదెబ్బ తిన్న మనిషి తాగిన తేనె హాని చేస్తాయని చరకుడు. తేనెటీగలు విషపు పూల మీద కూడా వాలి తెచ్చిన పదార్థం కాబట్టి వేడితో దాని దోషం పైకి వస్తుందని ఆయన చెప్పిన కారణం. తేనె వల్ల కలిగే అజీర్ణాన్ని మించిన కష్టసాధ్యమైన అజీర్ణం లేదని కూడా అన్నాడు. వాంతి చేయించే వమన చికిత్సలో, కషాయపు ఎనిమా అయిన నిరూహ వస్తిలో మాత్రం వేడి ద్రవ్యాల్లో తేనె కలుపుతారు. అది కడుపులో అరగకముందే బయటికి వచ్చేస్తుందని వాగ్భటుడి వివరణ.

ఇప్పటి రసాయన శాస్త్రం చూపించే కారణం వేరు. తేనెలోని ఫ్రక్టోజు వేడికి విరిగి హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫురాల్ అనే పదార్థంగా మారుతుంది. దీన్ని తేనె ఎంత వేడెక్కింది, ఎంత పాతబడింది అనేదానికి గుర్తుగా వాడతారు. కిలోకు 80 మిల్లీగ్రాములకు మించకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హద్దు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణంలో మామూలు తేనెకు 40, ఉష్ణమండలపు తేనెకు 80. కాల్చిన కాఫీ గింజల్లో ఇదే పదార్థం ఇంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అందువల్ల గోరువెచ్చని నీళ్లలో చెంచా తేనె కలిపి తాగితే విషమని భయపెట్టడం ఆధునిక కొలతల ప్రకారం సరికాదు. అయినా నిమ్మరసం, మరిగే నీళ్లు, తేనె కలిపి పొద్దున్నే తాగే అలవాటును ఆయుర్వేదం పేరుతో ప్రచారం చేయడం ఆ శాస్త్రానికే విరుద్ధం. నీళ్లు గ్లాసు పట్టుకుంటే చేతికి హాయిగా ఉండేంత చల్లారాకే తేనె వేయాలి. చ్యవనప్రాశంలోనూ తేనె చేర్చేది లేహ్యం పూర్తిగా చల్లారాకే.

దుకాణంలో దొరికే తేనెలో చాలా భాగాన్ని వడకట్టేటప్పుడు, పులియకుండా ఉండటానికి ముందే వేడి చేస్తారు. అది తెలిసీ వాడుకోవడమే తప్ప ఇంట్లో మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

తేమ

సిప్పీఘాట్‌లో తేనెను పాడుచేసేది పొయ్యి కంటే గాలి. తేనె చుట్టూ ఉన్న తేమను లాగేసుకుంటుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే మూత తీసి ఉంచిన తేనె పైపొర నీరు పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తేనెలో నీరు 20 శాతానికి మించకూడదని మన ప్రమాణం. అంతకు మించితే అందులో సహజంగా ఉండే ఈస్ట్ నిద్రలేస్తుంది. పైన సన్నని నురగ కడుతుంది, మూత తిప్పగానే బుస్సుమని గాలి పోతుంది, పుల్లటి వాసన వస్తుంది. అడవి పట్టు నుంచి పిండిన తేనెలో నీటి పాలు మొదటే ఎక్కువ కాబట్టి అది ఇంకా తొందరగా పులుస్తుంది. ఇలా పులిసిన తేనెను మందుకు గానీ పూజకు గానీ వాడకూడదు.

దీనికి చేయాల్సిందల్లా వెడల్పు మూతి డబ్బా వదిలి ఇరుకు మూతి గాజు సీసా తీసుకోవడం, పెద్ద సీసాను రెండు మూడు చిన్న సీసాల్లోకి ముందే పంచి ఒక్కోటే తెరవడం, తడి చెంచా పెట్టకపోవడం. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన పని లేదు. చలికి తేనె పంచదారలా గడ్డకడుతుంది. గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదు. అలా కట్టిన సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెడితే మళ్లీ జారుతుంది. 30 డిగ్రీల దగ్గర నెలల తరబడి అల్మరాలో ఉన్న తేనెలో పొయ్యి తాకకుండానే హైడ్రాక్సీమిథైల్ ఫర్ఫురాల్ పెరుగుతుంది. పాత తేనె లేఖనమని, కొవ్వు కరిగిస్తుందని సుశ్రుతుడు మెచ్చుకున్నది నిజమే. ఈ దీవి ఉక్కలో నిలవ ఉన్న సీసాకు ఆ మెప్పు వర్తింపజేయడం ప్రమాదం.

నెయ్యికి తేమతో పాటు కొన్ని లోహాలు కూడా శత్రువులే. కంచు పాత్రలో పది రాత్రులు నిలవున్న నెయ్యి తినకూడదని సుశ్రుతుడూ వాగ్భటుడూ చెప్పారు. రాగి కొవ్వును తొందరగా ఆక్సీకరణం చెందిస్తుందని ఇప్పుడు తెలుసు. కంచులో ప్రధాన భాగం రాగే. వాళ్లు కారణం ఏదనుకున్నా, చూసి చెప్పిన ఫలితం సరైనది. స్టీలు గిన్నె, లేదా వెలుతురు తగలకుండా అల్మరాలో పెట్టిన గాజు సీసా నెయ్యికి మేలు. ఇంట్లో వెన్న కాచేవాళ్లు చిటపటలు పూర్తిగా ఆగేదాకా, అడుగున గసి ఎర్రబడేదాకా ఆగాలి. నీటి చుక్క మిగిలితే ఈ వాతావరణంలో వారానికే ముక్కవాసన పట్టుకుంటుంది. తమలపాకో మునగాకో చివర్లో వేసి తీయడం పాత అలవాటు. వేసిన ఆకు కరకరలాడితే తడి పోయినట్లే.

తేనె ఎక్కడిది

అండమాన్ అడవుల్లో కొండ తేనెటీగ పెద్ద పట్లు పెడుతుంది. వాటిని తీయడంలో ఇక్కడి ఆదిమవాసులకున్న నేర్పు ప్రపంచంలో అరుదు. వారిలో ఓంగే తెగవారు ఒరోఫియా జాతి చెట్టు ఆకులు నమిలి, ఆ రసం ఒంటికి పూసుకుని, పట్టు మీద ఊది ఈగలను తరిమి తేనె తీస్తారని వృక్షశాస్త్రవేత్తలు నమోదు చేశారు. పొగ లేదు, నిప్పు లేదు, ఈగలు చావవు.

ఈ తేనె బజారులో కొనుక్కోవాల్సిన వస్తువు కాదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నియమావళి ప్రకారం మరో ఆదిమ తెగ జారవాల రక్షిత ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లడం, వాళ్లతో వస్తుమార్పిడి చేయడం నేరం. జారవా తేనె అని ఎవరైనా సీసా చూపిస్తే దాన్ని తీసుకోకూడదు. బయటి మనుషుల రాకతో వచ్చే జబ్బులు, మద్యం, పొగాకు ఆ జనానికి ప్రాణాంతకం. మందు కోసమని చెప్పుకున్నా ఆ కొనుగోలుకు సమర్థన లేదు. కొబ్బరి, పోక తోటల్లో పెట్టెల్లో పెంచే తేనెటీగలు ఇచ్చే తేనె ఉంది. విశాఖలో 1956లోనే మొదలైన గిరిజన సహకార సంస్థ తేనె ఉంది. కొబ్బరి చెట్టు ఏడాది పొడుగునా పూస్తుంది కాబట్టి సిప్పీఘాట్ లాంటి చోట ఈగలకు మేత కరవు లేదు.

కల్తీని ఇంట్లో పట్టుకోవడం కష్టం. నీళ్లలో చుక్క వేసి చూడటం, బొటనవేలి మీద చుక్క నిలుస్తుందేమో చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం ఏవీ నమ్మదగ్గవి కావు. 2020 డిసెంబరులో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను జర్మనీలో న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ పరీక్షకు పంపితే మూడే నెగ్గాయి. చాలా బ్రాండ్లు అంతకు ముందు మామూలు ప్రయోగశాల పరీక్షల్లో నెగ్గినవే. నెయ్యిలో వనస్పతి కల్తీని బాడోయిన్ పరీక్షతో ప్రయోగశాలలో పట్టవచ్చు, వాసన చూసి కాదు.

మోతాదు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కిలోక్యాలరీల భోజనానికి నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు చూపించింది. కూర తాలింపు, వేపుళ్లు, నెయ్యి అన్నీ అందులోనే రావాలి. రెండు టీ స్పూన్ల నెయ్యి 9 గ్రాములు, అంటే మూడో వంతు అక్కడికే అయిపోతుంది. కొబ్బరి కోరు, కొబ్బరి పాలు ఇక్కడి వంటల్లో ఎక్కువ. నెయ్యిలాగే కొబ్బరి కొవ్వూ సంతృప్త కొవ్వే. కొబ్బరి పాల కూర వండిన రోజున నెయ్యి ఒక చెంచాతో ఆపడం మంచిది. గుండెజబ్బు, కొలెస్టరాల్ ఉన్నవాళ్లు నెయ్యి ఆవుదా, గేదెదా, పెరుగు చిలికి తీసిన బిలోనాదా అన్న చర్చలోకి దిగకుండా మొత్తం తగ్గించుకోవాలి.

తేనె చెంచాకు సుమారు 21 కిలోక్యాలరీలు, అందులో దాదాపు అంతా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజువారీ హద్దు పెట్టిన చక్కెరల లెక్కలో తేనె కూడా ఉంది. మధుమేహం ఉన్నవాళ్లు పంచదార మాని తేనె వేసుకుంటే రక్తంలో చక్కెర పెరగదన్న మాట నిజం కాదు. మధుమేహంతో పోల్చే ప్రమేహంలో తేనెను అనుపానంగా, అంటే మందుకు తోడుగా, ఆయుర్వేదం వాడిన మాట వాస్తవమే. అది వైద్యుడు మందుతో కలిపి కొలిచి ఇచ్చిన చిన్న మోతాదు. ఇన్సులిన్, మాత్రలు వాడుతున్నవాళ్లు చూర్ణాలను తేనెతో తీసుకుంటున్న సంగతి తమ డాక్టరుకు చెప్పాలి.

పసిబిడ్డలు

పుట్టిన బిడ్డ నాలుకకు తేనె, నెయ్యి, బంగారం రంగరించి రాయడం జాతకర్మలో భాగం. చరక, సుశ్రుతులు దాన్ని వర్ణించారు. కాశ్యప సంహితలోని సువర్ణప్రాశనం ఇప్పటికీ చాలాచోట్ల పుష్యమి నక్షత్రం రోజున పిల్లలకు వేస్తున్నారు. ఇందులో నెయ్యితో పేచీ లేదు. ఆరో నెలలో అన్నప్రాశన తర్వాత మెత్తని పప్పన్నంలో కొద్దిగా నెయ్యి కలపవచ్చు. తేనె మాత్రం పన్నెండు నెలలు నిండేదాకా ఏ రూపంలోనూ, చుక్క కూడా ఇవ్వకూడదు. తేనెలో క్లాస్ట్రీడియం బాట్యులైనమ్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి సాధారణంగా మొలకెత్తవు. ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి నరాలను స్తంభింపజేసే విషం చేస్తాయి. ఈ బీజాలు మరిగే నీటి వేడికి చావవు. పాళ్లు హెచ్చుతగ్గులు చేసినా, అడవి తేనె అయినా, కంపెనీ తేనె అయినా తేడా ఉండదు. ఆచారం విడవలేని ఇళ్లలో తేనె లేకుండా నెయ్యి ఒక్కటే, అదీ పిల్లల డాక్టరును అడిగాకే, పెదవికి తాకించి క్రతువు ముగించుకోవచ్చు.

తెలియక తేనె నాకించిన బిడ్డకు రోజుల తరబడి విరేచనం కాకపోవడం, పాలు సరిగా కుడవలేకపోవడం, ఏడుపు సన్నగిల్లడం, రెప్పలు వాలిపోవడం, మెడ నిలవకపోవడం కనిపిస్తే ఇంటి వైద్యంతో ఆలస్యం చేయకూడదు. ఈ లక్షణాలు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. సిప్పీఘాట్ వాళ్లకు దగ్గరి పెద్దాసుపత్రి నగరంలోని జి.బి. పంత్ ఆసుపత్రి. అక్కడి డాక్టరుకు బిడ్డకు తేనె పెట్టిన సంగతి, పెట్టిన రోజు ముందుగా చెప్పాలి.